నెల నడిచాక రాసే మాట

మార్చి 4

తమ్ముడూ,

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వూ బాగున్నావనుకుంటాను. ఫోను చేస్తే నువ్వే మాట్లాడతావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

సోమవారం పొద్దున సంగతి చెప్తాను. ప్రత్యేకమైన రోజేమీ కాదు. ఐదున్నరకి లేచి ప్రార్థన చేసుకున్నాను. నాన్నకి పాలు కాచి ఇచ్చాను. చెల్లి లైబ్రరీకి బయల్దేరుతూ గొడుగు మరిచిపోతే కిటికీలోంచి అందించాను. ఎనిమిదికి వర్క్‌షాపు తాళం తీశాను. శనివారం పోసిన ప్లాస్టర్ అచ్చులు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. తలుపు పక్కన ఎండ పడే చోటికి జరిపాను. కొత్త కాలు తొడుక్కున్నవాళ్లు పట్టుకుని నడిచే కడ్డీలు రెండూ తడిగుడ్డతో తుడిచాను. వాటి చివర ఉన్న నిలువుటద్దం మీద ఎవరిదో అరచేతి ముద్ర ఉంటే అదీ తుడిచాను.

ఎనిమిదిన్నరకి బస్సు కండక్టరు వచ్చాడు. అతనికి కృత్రిమ కాలు అమర్చి ఆ రోజుకి సరిగ్గా నెల. ఎప్పటిలాగే పట్టీలు విప్పించి చర్మం చూశాను. ఎర్రబడలేదు. వెనక మెట్లు ఎక్కించి దింపాను. తరవాత ఖాళీ కార్డు, పెన్ను బల్ల మీద పెట్టాను.

"మీరే రాసేయండి మేడమ్. నా రాత కోడి గెలికినట్టుంటుంది" అన్నాడు.

"నడిచింది మీరు. మీరే రాయాలి."

"ఎక్సలెంట్ అని రాస్తే మీకు ప్రమోషనేమైనా ఇస్తారా?"

"ఇవ్వరు."

"అయితే గుడ్ అని రాస్తా. ఎక్సలెంట్‌కి ఇంకో వారం ఆగాలి. బస్సు కదులుతుంటే ఎక్కబోయినప్పుడల్లా ఈ కాలు నన్ను అడుగుతోంది, ఎక్కనా వద్దా అని. అడగడం మానేసిన రోజు నేనే వచ్చి రాస్తా."

మన పద్ధతి నీకు తెలిసిందే. కాలు చేసినవాడు దాన్ని పొగడడు. పరీక్షించిన నేను, కొలతలకి 'సరిపోయింది' అని సంతకం చేసి పంపుతాను. ఎంత బాగుందో చెప్పే ఆ ఒక్క ఇంగ్లీషు మాట మాత్రం, నెల రోజులు దాని మీద నడిచిన మనిషి తన చేత్తో రాయాలి.

కండక్టరు వెళ్లగానే, మన వర్క్‌షాపుని నడిపే మీ కంపెనీ హెడ్డాఫీసు నుంచి పార్సెల్ వచ్చింది. నాలుగు వందల కార్డులు. ఒక్కటీ ఖాళీ లేదు. అన్నిటి మీదా ఎక్సలెంట్ అని, చేత్తో రాసినట్టు ముందే అచ్చువేసి ఉంది. కింద నా సంతకానికి గీత. ఒకటో తేదీకల్లా సంతకాలు పెట్టి, కొత్త కాళ్లకి కట్టి పంపాలని మేనేజరు చీటీ.

ఆ రాత ఎవరిదో చూడగానే తెలిసింది. మన చెల్లిది, పిచ్చుకది. పద్దెనిమిదేళ్లప్పుడు, నాన్న చేసిన కాలు మీద నెల నడిచి రాసిన కార్డు. మన వర్క్‌షాపులో ఆ మాట పడిన మొదటి కార్డు అదే. ఇరవై మూడేళ్లుగా ఫ్రేములో, నా బల్ల పైన గోడకి ఉంది. కిందటి నెల మీ మేనేజరు వచ్చినప్పుడు ఫొటో తీసుకుని ఉంటాడు.

మన ఇంటి పిల్ల అక్షరాలు, అడగకుండా పట్టుకెళ్లి, ఇంకా ఎవరూ తొడగని కాళ్లకి కట్టమంటున్నాడు. ఇంత తెలివి ఎవరిదో గాని, ఆ ఆఫీసులో అమ్మకాలు చూసేది నువ్వే కాబట్టి నా మాటగా చెప్పు. నేను సంతకం పెట్టను.

వేళకి తిను.

పెద్దక్క

మార్చి 8

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇన్ని పేజీలు రాశావంటేనే వ్యవహారం ముదిరిందని అర్థమైంది. మామూలుగా నీ ఉత్తరం పోస్టుకార్డులో సగం దాటదు.

ముందు, మేనేజరు మీద విరుచుకుపడకు. ఎవరు చేసినా మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు. అసలు పిచ్చుక ఏమంది? మురిసిపోయి ఉంటుంది. ఏడేళ్లకి కాలు పోయి, ఇల్లంతా ఒంటికాలి మీద గెంతుతూ, నేను పిచ్చుకా అని పిలిస్తే అదే పేరు ఖాయం చేసుకున్న పిల్ల. ఇప్పుడు నాలుగు వందల మంది నడకకి దాని అక్షరాలు తోడు వెళ్తాయంటే చిన్న విషయమా?

ఇక ఆ మాట సంగతి. నీకోసం డిక్షనరీ తీశాను. ఎక్సలెంట్ అంటే చాలా మంచిది, తనలాంటివాటిని మించినది. అంతే. నెల నడవాలని ఎక్కడా లేదు. ఇక్కడ రోజుకి యాభైసార్లు వాడతాం. టీ వేడిగా వస్తే ఎక్సలెంట్. పోయిన ఫైలు దొరికితే ఎక్సలెంట్. మేనేజరు తుమ్మినా ఎవరో ఒకరు ఆ మాట అనేట్టున్నారు. నువ్వొక్కదానివే దాన్ని బీరువాలో పెట్టి తాళంచెవి దగ్గర పెట్టుకున్నావు. నేను క్లాసులో ఫస్టొచ్చిన కాగితం చూపిస్తే "పరవాలేదు" అన్న మనిషివి. నేను ఏడుపు మొదలుపెడితే "చాలా పరవాలేదు" అని మార్చావు.

నవ్వులాటకి కాదు, విను. ఈ ఆర్డరు ఇచ్చింది కాళ్లు పోయినవాళ్లకి సాయం చేసే సంస్థ. పరీక్షలో ఎక్సలెంట్ వచ్చిన సరుకే తీసుకోవాలని వాళ్ల కమిటీ నియమం. నెల ఆగి ఒక్కొక్కరి చేత రాయించుకుందామంటే ఆర్డరు ఇంకో ఫ్యాక్టరీకి పోతుంది. వాళ్లు ఇనుపగొట్టానికి తోలు చుట్టి, ఎక్సలెంట్ అని చీటీ అంటించి పంపుతారు. ఆ నాలుగు వందల మందీ వాటి మీద కుంటుతూ బతుకుతారు. నీ నియమం గెలుస్తుంది, వాళ్ల కాళ్లు పుండ్లు పడతాయి. అది నీకు సమ్మతమేనా?

సంతకం పెట్టెయ్ అక్కా. మన కాళ్లు మంచివని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నాన్నని అడిగానని చెప్పు. చెవిలో గట్టిగా చెప్పు.

నీ చాలా పరవాలేని
తమ్ముడు

మార్చి 12

తమ్ముడూ,

డిక్షనరీ తప్పని నేను అనను. తనలాంటివాటిని మించినది అని నువ్వే రాశావు. నాలుగు వందలూ ఒకదాన్నొకటి ఎలా మించుతాయో నువ్వే చెప్పాలి.

నిన్న దర్జీ ఆవిడ నెల పూర్తయి వచ్చింది. ఆమె కాలు పరీక్షించింది నేనే. నడక తీరుగా ఉంది, చర్మం బాగుంది. నన్ను రాయమని ఉంటే ఆ రోజే ఎక్సలెంట్ అని రాసేదాన్ని. ఆమె కార్డు మీద బ్యాడ్ అని రాసింది.

"నడకకి బాగుందమ్మా. కానీ నేను నడిచి బతకట్లేదు, కుట్టి బతుకుతున్నాను. మిషను తొక్కితే మడమ కదలదు" అంది.

ఏం పని చేసుకుంటుందో మాలో ఎవరం అడగలేదు. మడమ మార్చాం. ఇంటికి పట్టుకెళ్లిన కాలికి ముందే ఎక్సలెంట్ అన్న కార్డు కట్టి ఉంటే, ఆమె తిరిగొచ్చేది కాదు. కాలు గొప్పదే, తొక్కడం నాకే చేతకావడం లేదు అనుకుని ఊరుకునేది. నా భయం అదే. ఇంకోటి లేదు.

పిచ్చుకకి ఒక కార్డు చూపించాను. మురిసిపోలేదు. చాలాసేపు చేతిలో పట్టుకుని "ఎవరు చేశారు?" అంది. మేనేజరు అన్నాను. అన్నం సగంలో వదిలి లేచిపోయింది. అప్పటినుంచి నాతో ముభావంగా ఉంది. తన రాత దొంగిలించారని బాధ. ఆ కార్డులు బయటికి పోవని దానికి మాటిచ్చాను.

ఇంకో ఫ్యాక్టరీ గురించి రాశావు. దానికి నా దగ్గర ఇప్పుడు జవాబు లేదు. ప్రార్థనలో అదే అడుగుతున్నాను. జవాబు దొరికినా దొరకకపోయినా సంతకం పెట్టను.

పెద్దక్క

మార్చి 16

అక్కా,

దొంగతనం అన్నావు. ఇక దాచను. ఆ ఫొటో తీసింది మేనేజరు కాదు, నేను. పోయినసారి ఇంటికొచ్చినప్పుడు, నువ్వు కడ్డీల దగ్గర ఎవరినో నడిపిస్తుంటే నీ బల్ల ఎక్కి తీశాను. కార్డుల ఆలోచన నాది. అచ్చు నాది. నాలుగు వందల సంఖ్య ఒక్కటే వాళ్లది.

ఎందుకు చేశానో చెప్తాను, నమ్మితే నమ్ము. ఆ కార్డు రాసిన రోజు నేను అక్కడే ఉన్నాను. తలుపులు, కిటికీలు చేసుకునే నాన్న, కొన్న ఇనుపగొట్టం కాలు మీద అది కుంటడం చూడలేక, దానికోసమే కాళ్ల పని నేర్చుకున్నాడు. అది ఆ మాట రాయగానే గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాన్న అలా నిలబడడం అంతకుముందెప్పుడూ చూడలేదు. ఆఫీసులో ఎక్సలెంట్ అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆయన వీపే కనిపిస్తుంది. అచ్చులో పెట్టడానికి రకరకాల అక్షరాలు చూపించారు. ఏదీ నాకు నిజంగా అనిపించలేదు. ఆ ఒక్క రాతే నిజం అనిపించింది. అందుకని అదే పెట్టించాను. ఇంట్లో అందరూ సంతోషిస్తారనుకున్నాను. మొదటి కార్డు ఫ్రేము కట్టించి పిచ్చుకకి పంపాను కూడా. ఈపాటికి చేరి ఉంటుంది. అందులో క్షమాపణ చీటీ ఉంది, నీ దొంగతనం మాట చదవకముందు రాసింది కాబట్టి కాస్త హుషారుగా ఉంటుంది, ఏమనుకోవద్దను.

ఇంకో సంగతి. మొన్న మీటింగులో మేనేజరు అడిగాడు, "మీ సిస్టర్ సైన్ చేస్తారా? లేకపోతే ఆవిణ్ని స్టోర్స్‌కి మార్చి, టేబుల్ ఇంకొకరికి ఇద్దాం" అని. అందరూ నావైపే చూశారు. "అక్క సంతకం నా పూచీ" అన్నాను. నీ బల్ల పోకూడదనే అన్నాను. ఇప్పుడు నువ్వు పెట్టకపోతే నీ బల్లా పోతుంది, ఇక్కడ నా మాటకి విలువా పోతుంది.

నీ చేతుల్లో ఉంది.

తమ్ముడు

మార్చి 19

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నిజం చెప్పావు. సంతోషం.

నా సంతకం నీ పూచీ ఎలా అవుతుంది? నాది నాదే.

ఫ్రేము వచ్చింది. పిచ్చుక దాన్ని గోడవైపు తిప్పి పెట్టింది. చీటీ చదివి చింపేసింది. అడగకుండా చేసినందుకు నిన్ను అది ఇప్పట్లో క్షమించదు.

నీకోసం ప్రార్థించాను.

పెద్దక్క

మార్చి 22

అక్కా,

నాకోసం ప్రార్థించావా, నామీద ఫిర్యాదు చేశావా? నువ్వు తిడితే ఎదురు తిట్టొచ్చు. ప్రార్థిస్తే ఏం చేయాలో చిన్నప్పటినుంచీ నాకు తెలియదు.

నేనిక్కడ రోజూ వాళ్ల మధ్య కూర్చోవాలి. పక్క సీటాయన నిన్న "ఏంటి, మీ అక్కగారి సంతకానికి ముహూర్తం కుదిరిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేయను?

నువ్వు చెప్పేది ఇదీ: నడిచినవాళ్ల మాటే నిజం, మిగతాదంతా అలంకారం. బాగుంది. మరి నేను అచ్చువేయించింది ఎవరి మాట? నడిచిన మనిషిదే. నెల నడిచాకే. తన చేత్తోనే. నీ పద్ధతిలో అంతకంటే నిక్కమైన కార్డు ఉందా? నీ బల్ల పైన పెట్టుకుని ఇరవై మూడేళ్లు అందరికీ చూపించింది నువ్వే కదా. నువ్వు గోడకి పెడితే నియమం, నేను కాగితం మీద పెడితే దొంగతనమా?

పిచ్చుక ఎందుకు అలిగిందో నువ్వు ఊహించి రాయకు. దాన్నే అడుగు. ఆ మాట అబద్ధమైతే దాన్నే చెప్పమను. అప్పుడు నీ కార్డులన్నీ నేనే వచ్చి తగలబెడతాను.

తమ్ముడు

మార్చి 26

తమ్ముడూ,

నిన్న సాయంత్రం నీ ఉత్తరం వచ్చేసరికి ముగ్గురం బల్ల దగ్గర కూర్చుని ఉన్నాం. చివరి పేరా పైకి చదివాను. నువ్వు అడగమన్నావు కాబట్టి అడిగాను.

"అబద్ధమే" అంది పిచ్చుక.

నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాను.

"ఆ కాలు నాకు సరిపోలేదు అక్కా. మోకాలి కింద బయటివైపు ఒరుసుకునేది. లైబ్రరీ ఉద్యోగంలో చేరాక సాయంత్రం అయ్యేసరికి మేజోడు నెత్తురుతో తడిసిపోయేది. కొత్తది చేసేదాకా రెండేళ్లు. మీరెవరూ చూడకుండా ఉతుక్కునేదాన్ని."

"మరి ఎక్సలెంట్ అని ఎందుకు రాశావు?"

"నాన్న ఎదురుగా నిలబడ్డాడు కదా. చేతిలో ఆకురాయి ఉంది. మూడు నెలలు వేరే పని ముట్టుకోకుండా చేశాడు. నా మొహంలోకి చూస్తున్నాడు. నువ్వైతే ఏం రాసేదానివి?"

నేను నీ ఉత్తరం బల్ల మీద పెట్టేశాను.

నాన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి "ఏమంటోంది అది?" అన్నారు. ఏమీ లేదు నాన్నా అనబోయాను. పిచ్చుక నన్ను ఆపి, లేచి ఆయన పక్కకి వెళ్లి, చెవి దగ్గర వంగి మొత్తం చెప్పింది. దేన్నీ తగ్గించలేదు.

ఆయన దాని కాలివైపు చూశారు. తరవాత "ఎక్కడ?" అన్నారు.

"ఏంటి నాన్నా?"

"ఎక్కడ ఒరుసుకునేది? చూపించు."

పిచ్చుక వేలితో చూపించింది. ఆయన పెన్సిల్ అడిగి, పేపరు అంచు మీద ఆ పాత కాలు తొడుగు గీశారు. ఎన్నేళ్లయినా కొలతలు మరిచిపోలేదు. అది చూపించిన చోట చిన్న గీత పెట్టారు.

"ఇక్కడ రెండు కాగితాల మందం తీస్తే చాలు. ఒక్క పూట పని. రెండేళ్లు భరించావా, ఒక్క పూట పనికి?"

"నువ్వు అంత సంతోషంగా ఉన్నావు నాన్నా."

"నా సంతోషం తొడుక్కుని నడుస్తావా? మొద్దూ" అన్నారు. అది ఏడ్చింది. ఆయన పేపరు మడిచి జేబులో పెట్టుకున్నారు.

తమ్ముడూ, ముందు నీ సంగతి. నువ్వు దొంగవి కావు. నిజమని నమ్మినదాన్నే అచ్చువేయించావు. నేనూ అదే నమ్మాను. పిచ్చుక అలిగింది నీ మీద కాదు, తన మీద. నేనే తెలియక నీకు తప్పుగా రాశాను. నిన్న ప్రార్థనలో నీ పేరు చెప్పలేదు, నాదే చెప్పుకున్నాను. ఆ కార్డు కింద కూర్చుని ఇన్నేళ్లు అందరి చేతా రాయించాను. పెన్ను ఇచ్చి ఎదురుగా కూర్చునేదాన్ని. ఎంతమంది నా మొహం చూసి రాశారో, ఎంతమంది ఇంటికెళ్లి మేజోళ్లు ఉతుక్కున్నారో నాకు తెలియదు.

దానివల్ల నేను తగ్గుతాననుకోకు. ఒక్క అబద్ధం ఒక మనిషిని రెండేళ్లు నొప్పించింది. నాలుగు వందలకి నా చెయ్యి లేవదు.

ఇక మేము తీర్మానించినది.

కాళ్లు ఒకటో తేదీకే వెళ్తాయి. పని ఆగదు. ప్రతి కాలుతోనూ, కొలతలకి 'సరిపోయింది' అని నా సంతకం ఉంటుంది. నేను చెప్పగలిగింది అంతే. దాంతోపాటు ఖాళీ కార్డు, తపాలాబిళ్ల అంటించిన కవరు. నెల తరవాత వాళ్లు వాళ్ల ఇంట్లో కూర్చుని రాసి పంపాలి. మన మనిషి ఎవరూ ఎదుట ఉండకూడదు. ఇక్కడ వర్క్‌షాపులో కూడా ఇకనుంచి అంతే. కవరు ఆలోచన పిచ్చుకది.

అచ్చువేసిన కార్డులు మళ్లీ కట్టకట్టి వెనక్కి తెస్తున్నాం. తగలబెట్టే పని నీకు లేదు. తన రాత వాడొద్దని పిచ్చుక కాగితం రాసి సంతకం చేసింది. గోడమీద కార్డు తీసేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. దాని కింద రెండేళ్లు ఒరుసుకుందని రాసి, అక్కడే ఉంచమన్నారు. వచ్చినవాళ్లు చదవాలట.

సోమవారం పొద్దున ముగ్గురం బయల్దేరి మీ ఆఫీసుకి వస్తున్నాం. మేనేజరుతో మాట్లాడతాం. ఆయన ఒప్పుకోకపోతే ఆ సంస్థ కమిటీ దగ్గరికే వెళ్తాం. ఇనుపగొట్టం మీద కుంటడం ఎలా ఉంటుందో, సరిపోని కాలు మీద నవ్వుతూ నడవడం ఎలా ఉంటుందో వాళ్లకి చెప్పగలిగిన మనిషి మన ఇంట్లోనే ఉంది. ఇంకో ఫ్యాక్టరీ గురించి నువ్వడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదన్నాను. దాని దగ్గర ఉంది. నన్ను స్టోర్స్‌కి మారిస్తే వెళ్తాను. బల్ల ఎవరికిచ్చినా నా పేరు ఆ కార్డుల మీదికి రాదు. మీ ఆఫీసు ఎన్నో అంతస్తులో ఉందో నాకు తెలియదు. ఎన్నోదైనా మెట్లెక్కే వస్తానంది పిచ్చుక.

ఆ గదిలో నువ్వు మా పక్కన నిలబడతావో, మేనేజరు పక్కన కూర్చుంటావో, అది ఒక్కటే మేము తేల్చలేదు. మన పక్కనే ఉండాలని రాయి అన్నారు నాన్న. నేను రాయబోయాను. పిచ్చుక పెన్ను పట్టుకుంది.

"రాయొద్దు. మనం ఎదురుగా నిలబడి వాడి చేత ఏదీ చెప్పించొద్దు" అంది.

అందరం సరేనన్నాం.

పెద్దక్క